డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు

నెల్లూరు జిల్లాకు తూర్పు హద్దుగా తుమ్మలపెంట, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నముల మీదుగా సముద్రతీరము సాగియున్నది. సరుగుడు తోపులు, ఉప్పుమళ్లు, రొయ్యల చెరువులు, జాలరుల పల్లెలు ఆ తీరము పొడవున కానవచ్చును. అట్టి పల్లెలలో ఒకదానియందు ఏడెనిమిది యేండ్ల బాలిక యొకతె కలదనుకొనవచ్చును. తెల్లవారి నిద్రలేచునప్పటికి ఆమె మోకాళ్లు కొయ్యబారి యుండును. మంచము దిగుటకు తల్లి చేయూత కావలెను. ప్రొద్దెక్కిన కొలది ఆ బిగువు సడలును. మధ్యాహ్నమునకు ఆ బిడ్డయే తోడిపిల్లలతో కూడి ఇసుకలో ఆటలాడును. అది చూచినవారు, బడి ఎగవేయుటకై పిల్ల ప్రొద్దుననే నొప్పి నటించుచున్నదని తలంతురు. మరికొందరు ఎక్కడనో జారిపడి కాలు బెణికించుకొన్నదనుకొని పసరుకట్టు వేయింతురు. కీళ్లనొప్పులు ముసలివారికి గదా వచ్చునని అందరి నమ్మకము. ఇట్లు నెలలు గడచును. వాచిన మోకాలు వంగి బిగిసిపోవును. ఆ కాలి యెముక రెండవదానికంటె త్వరగా పెరిగి, కాళ్లు రెండును హెచ్చుతగ్గులగుటయు కలదు.

ఇది నటన కాదు, బెణుకును కాదు. బాల్యమునందే కీళ్లను పట్టు వ్యాధి యొకటి కలదు. 1897లో లండను నగరమున జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అను యువవైద్యుడు 22 మంది బాలబాలికల వ్యాధి వృత్తాంతములను కూర్చి, పెద్దల కీళ్లవాతమునకును పిల్లలలో కానవచ్చు కీళ్లవ్యాధికిని భేదము కలదని వివరముగా నిరూపించెను. నేటి వైద్యులు దీనిని జువెనైల్ ఇడియోపథిక్ ఆర్థ్రయిటిస్ అని పిలుతురు. ఇడియోపథిక్ అనగా కారణము తెలియనిదని అర్థము. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే దారితప్పి కీళ్ల లోపలి పొరమీద విరుచుకొనిపడుట వలన వాపు పుట్టునని మాత్రము తెలిసినది.

పదునారేండ్లు నిండకముందు మొదలై, ఒక్క కీలైనను ఆరు వారములకు తక్కువ కాకుండ వాచియుండి, అందుకు మరి యే యితర కారణమును కానరానప్పుడు వైద్యులు ఈ వ్యాధి యని నిర్ణయింతురు. రక్తపరీక్ష యొక్కదానితో ఇది తేలదు. వైద్యుడు ప్రతి కీలును తాకి, వంచి, బిడ్డను నడిపించి చూడవలెను. క్షయ వలన వచ్చిన కీలువాపు కాదనియు, ఒక కీలునుండి మరియొక కీలునకు పరుగెత్తుచు గుండెను దెబ్బతీయు రుమాటిక్ జ్వరము కాదనియు, రక్తపు కేన్సరు కాదనియు తేల్చుకొనవలెను. ఆ తుది వ్యాధియు కొన్ని వేళల కాళ్లనొప్పితోనే మొదలగుట కలదు. బిడ్డ యేమియు చెప్పకున్నను కంటివైద్యునిచే కన్నులు పరీక్షింపజేయవలెను. ఏలయన ఈ కీళ్లవ్యాధి గల పిల్లలలో కొందరికి నొప్పి గాని ఎరుపు గాని లేకయే కంటి లోపల వాపు పుట్టి, చూపును హరించును.

వ్యాధి తేలిన పిదప అనేకులకు వ్రాసి యిచ్చు మందులలో రెండు చిన్న పసుపుపచ్చని మాత్రలుండును. ఒకదాని పేరు మెథోట్రెక్సేట్. అది వారమునకు ఒక్క దినము మాత్రమే మ్రింగవలసినది. రెండవది ఫోలిక్ ఆమ్లము. వైద్యుడు చెప్పిన చొప్పున దానిని వేరు దినములలో ఇత్తురు. ఈ రెండు మాత్రల పుట్టుకయు ఒక తెలుగువాని జీవితముతో ముడివడి యున్నది. ఆయన కీళ్లవైద్యుడు కాడు. కీళ్లు వాచిన బిడ్డ కొరకు ఆ మందులను వెదకినవాడును కాడు. ఆయన వెదకినది మరియొక దానికై. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానములో సుబ్బారావు నాల్గవవాడు. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగమును విడువవలసివచ్చుటతో సంసారము ఇక్కట్ల పాలయ్యెను. బాలునకు చదువుమీద మనసు నిలువలేదు. పదుమూడవ యేట ఇల్లు విడిచి కాశికి బయలుదేరెను. అచ్చట యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని అతని యూహ. వానిని పట్టి ఇంటికి తెచ్చిరి. వెంకమ్మ పట్టుదల గల ఇల్లాలు. ధనమును గూర్చి కుమారుడేమి తలంచినను, అతడు చదివి తీరవలెనని ఆమె నిశ్చయించుకొనెను.

చదువు మాత్రము సులభముగా సాగలేదు. మెట్రిక్యులేషను పరీక్షలో సుబ్బారావు ఒకమారు తప్పెను, మరల తప్పెను. ఇంతలో తండ్రి మరణించెను. వెంకమ్మ తన నగలమ్మి కుమారుని మదరాసునకు పంపెను. రాజమహేంద్రవరమునుండి మదరాసునకు పోవు రైలుదారి కావలి, నెల్లూరు, గూడూరుల మీదుగా, సముద్రమునకు కొలదిమైళ్ల దూరమున సాగును. గోదావరి మండలపు విద్యార్థులకు ఉన్నతవిద్యకు అదియే దారి. మదరాసులో తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలునందు చేరి, మూడవ ప్రయత్నమున సుబ్బారావు పరీక్ష గట్టెక్కెను. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెటు చదివెను.

ఆ వయసున ఆయన మనసు సన్న్యాసమువైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరవలెనని తలపోసెను. తల్లి అందుకు సమ్మతింపలేదు. తల్లి యనుమతి లేనివానిని మఠమువారును చేర్చుకొనలేదు. వైద్యము నేర్చినచో ప్రజలకు సేవ చేయవచ్చునని వారు చెప్పిన హితవు ఆయనకు నచ్చెను. మదరాసు వైద్యకళాశాలలో చేరెను. చదువునకు కావలసిన ధనములో కొంత మిత్రులిచ్చిరి. కొంత కస్తూరి సూర్యనారాయణమూర్తిగారిచ్చిరి. ఆయన కుమార్తె శేషగిరియే తరువాత సుబ్బారావునకు భార్య అయ్యెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. విదేశీ వస్త్రములను విడువవలెనని విన్న సుబ్బారావు శస్త్రచికిత్స గదికి ఖద్దరు అంగీతో వెళ్లెను. శస్త్రచికిత్స నేర్పు ఆంగ్లేయ ఆచార్యునకు అది కంటగింపయ్యెను. తుదిపరీక్షలలో సుబ్బారావు బాగుగనే వ్రాసెను. అయినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము రాలేదు. దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అను యోగ్యతాపత్రముతో సరిపెట్టుకొనవలసి వచ్చెను. ఆ పత్రముతో ప్రభుత్వ వైద్యశాఖలో మంచి కొలువు దొరకుట దుర్లభము. ఖద్దరు అంగీ ఖరీదు ఆయనకు అంత యెక్కువ పడినది.

ఆయన యౌవనమునందే ఇంట పిడుగుపాటు వంటి ఆపద కలిగెను. అన్న పురుషోత్తము, తమ్ముడు కృష్ణమూర్తి, ఇరువురును స్వల్ప వ్యవధిలోనే కన్నుమూసిరి. వారిని బలిగొన్న వ్యాధి స్ప్రూ అనబడు సంగ్రహణి. ఆ వ్యాధి వచ్చినవారికి తిన్న యాహారము వంటబట్టదు. విరేచనములు ఆగవు. నాలుక పుండ్లుపడును, రక్తము పలుచనై, శరీరము ఎండిపోవును. నాటి వైద్యులకు దాని కారణమును తెలియదు, మందును తెలియదు. వైద్యము చదివిన తమ్ముడు ఇంట నుండగనే అన్న పోయెను. వైద్యము చదివిన అన్న యుండగనే తమ్ముడు పోయెను. ఆ వ్యాధి మూలము కనుగొనవలెనను తలంపు నాటినుండి సుబ్బారావును విడువలేదు.

డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆదరణమున ఆయనకు మదరాసు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు పని దొరకెను. అచ్చట నుండగా ఆయుర్వేద ఔషధములలోని గుణమునకు హేతువేమో పరీక్షించి తెలిసికొనవలెనని ఆయన ప్రయత్నించెను. అందుకు తగిన సాధనములు లేవు. అమెరికాకు పోవుటయే మార్గమని తోచెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ కొంత ధనమిచ్చెను. మామగారు కొంత సమకూర్చిరి. కొలది యేండ్లలో తిరిగి వత్తునని భార్యకు మాటయిచ్చి, 1922లో ఆయన ఓడయెక్కెను. ఆ యేడు అక్టోబరు మాసమున బోస్టను నగరము చేరెను. ఆయన వెడలిన పిదప పుట్టిన కుమారుడు ఏడాది నిండకమునుపే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడనే లేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో ఆయన చేరెను. చేతిలోనున్న ధనము కొలదిదినములలోనే తరిగిపోయెను. మదరాసు పత్రముతో అమెరికాలో వైద్యము చేయుట కుదరదు. పీటర్ బెంట్ బ్రిగాం ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను ఎత్తి శుభ్రపరచు పనికి కుదిరెను. పగలు చదువు, రాత్రి ఆ పని. బ్రాహ్మణ కుటుంబమున పుట్టిన వైద్యుడు ఆ పని చేయుట నాటి స్వదేశమున ఎవరును ఊహింపజాలరు. ఆయన మాత్రము దానిని గూర్చి చిన్నబుచ్చుకొన్నట్లు కానరాదు.

ఉష్ణమండల వైద్యమున డిప్లొమా పొందిన పిదప హార్వర్డు వైద్యకళాశాలలో జీవరసాయన శాఖయందు సైరస్ ఫిస్కే అను ఆచార్యుని చెంత చేరెను. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంత కలదో కొలుచుటకు వారిరువురును ఒక సులువైన పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించిరి. ద్రవమునకు నీలిరంగు పుట్టించి, ఆ రంగు చిక్కదనమును బట్టి భాస్వరమును లెక్కగట్టుటయే ఆ పద్ధతి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేరుతో జీవరసాయన విద్యార్థులు తరతరములుగ దానిని నేర్చుచున్నారు. ఆ కొలబద్ద చేతికి వచ్చిన తరువాత కండరములలో భాస్వరము ఏ రూపమున దాగియున్నదో వెదకుట సాధ్యమయ్యెను. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో అడినొసిన్ ట్రైఫాస్ఫేటును వారు కండరమునుండి వేరుచేసిరి. ఈ రెండవదానిని జర్మనీలో కార్ల్ లోమన్ అనునాతడును అదే కాలమున వేరుగా కనుగొనెను. చేయి యెత్తుటకైనను, అడుగు వేయుటకైనను కండరమునకు శక్తినిచ్చు ద్రవ్యమిదియే. 1930లో సుబ్బారావునకు పిహెచ్.డి. పట్టము లభించెను.

ఇంతటి పని చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగము దొరకలేదు. ఏండ్లు గడచినను చిన్న పదవిలోనే యుండెను. ఆ దినములలో కాలేయమునుండి రక్తవృద్ధికి తోడ్పడు పదార్థములను వేరుచేయుటకు ఆయన శ్రమించుచుండెను. సంగ్రహణి రోగి రక్తము పలుచబడుట ఆయన మరచిపోలేదు. 1940లో హార్వర్డును విడిచి న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్ అను ఊర నున్న లెడర్లీ ప్రయోగశాలకు తరలెను. కొలదికాలములోనే అచ్చటి పరిశోధన శాఖకంతకు అధిపతియయ్యెను.

ఇచ్చట ఒక విషయమును కొంచెము వెనుకనుండి చెప్పవలెను. 1928 మొదలు కొన్ని యేండ్లు లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి నగరమున గర్భిణీస్త్రీల పాండురోగమును పరిశోధించెను. మరమిల్లులలో పనిచేయు పేదస్త్రీలకు పులియబెట్టు ఈస్టుతో చేసిన లేహ్యమును పెట్టగా వారి రక్తము బాగుపడెను. అందులోని గుణమేమో ఆమెకు తేలలేదు. 1941లో అమెరికా దేశపు టెక్సాసులో కొందరు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అట్టిదే యొక పదార్థమును అణుమాత్రముగా వేరుచేసి, ఆకునుండి వచ్చినది గనుక ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. టన్నులకొలది కూర వండి చిటికెడు మందు తీసినచో అది రోగులకు చాలదు. దాని నిర్మాణమును తెలిసికొని ప్రయోగశాలలోనే తయారు చేయవలెను. సుబ్బారావు నడపిన బృందము 1945లో ఆ కార్యమును సాధించెను. ఆ వార్తను తెలిపిన శాస్త్రవ్యాసమున 16 పేర్లున్నవి. సుబ్బారావు పేరు వానిలో ఒకటి. అది మొదట లేదు, చివరను లేదు.

ఫోలిక్ ఆమ్లము విరివిగా లభింపగనే వైద్యులు దానిని సంగ్రహణి రోగులకు ఇచ్చి చూచిరి. క్యూబా, పోర్టోరికో దీవులలో మంచము పట్టియున్నవారు కొలదిదినములలోనే లేచి ఆహారము కోరిరి. నాలుక పుండ్లు మానెను; రక్తము చిక్కబడెను. పురుషోత్తముని, కృష్ణమూర్తిని తీసికొనిపోయిన వ్యాధికి మందు దొరకినది. వారు పోయి అప్పటికి పాతికయేండ్లు దాటినది.

కథ అంతటితో నిలువలేదు. బోస్టను నగరమున పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కేన్సరుతో వచ్చు పసివాండ్రను చూచుచుండెను. నాడు ఆ వ్యాధి వచ్చిన బిడ్డ కొలది వారములో నెలలో మాత్రమే బ్రతుకును. ఫోలిక్ ఆమ్ల సంబంధమైన మందులిచ్చినప్పుడు ఆ వ్యాధి తగ్గుటకు మారుగ పెచ్చుపెరిగినట్లు ఆయనకు తోచెను. కణముల పెరుగుదలకు అది అంత అవసరమైనచో, దానిని అందకుండ చేసినప్పుడు కేన్సరు కణములు మాడిపోవలెను గదా యని తలపు కలిగెను. అందుకు కావలసినది ఫోలిక్ ఆమ్లమును పోలిన నకిలీ పదార్థము. దొంగ తాళపుచెవి తాళపుకన్నములో దూరును గాని తిరుగదు; అది అందులో నుండగా అసలు చెవికి చోటుండదు. ఈ నకిలీ ఆమ్లమును అట్లే కణములోని యంత్రాంగమును అడ్డగించును. సుబ్బారావు బృందము అట్టి వానిని వరుసగా తయారుచేసి ఫార్బరుకు పంపెను. వానిలో అమినోప్టెరిన్ అనునది పనిచేసెను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వివరముల ప్రకారము 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి కొంతకాలము అణగెను. అణగినది కొన్ని నెలలే. తరువాత మరల తలయెత్తెను. అయినను మందుతో ఆ వ్యాధిని అణచవచ్చునని తెలియుట అదియే తొలిసారి. అమినోప్టెరినుకు ఒక్క మిథైల్ సముదాయము చేర్చినచో అమెథాప్టెరిన్ అగును. లెడర్లీ ప్రయోగశాలలోనే పుట్టిన ఆ మందునకే తరువాత మెథోట్రెక్సేట్ అను పేరు స్థిరపడెను.

ఆ యేండ్లలో ఆ ప్రయోగశాలనుండి మరికొన్ని మందులును వెలువడెను. బోదకాలు క్రిములను చంపు హెట్రజాను 1947లో వచ్చినది. 1955లో భారతదేశమున జాతీయ బోదకాలు నియంత్రణ కార్యక్రమము మొదలైన నాటినుండి తెలుగునాటి కోస్తా జిల్లాలలో ఇంటింట పంచిన డి.ఇ.సి. మాత్ర అదియే. అనేక సూక్ష్మజీవులను హరించు ఆరియోమైసినును బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు సుబ్బారావు శాఖలోనే కనుగొనెను. 1948లో అది లోకమునకు వెల్లడియయ్యెను.

ఆ 1948వ సంవత్సరముననే, ఆగస్టు మాసమున, ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు మరణించెను. ఆయన వయసు 53 సంవత్సరములు. స్వదేశము స్వతంత్రమై ఏడాది నిండుచుండెను. ఆయన అమెరికా పౌరసత్వము స్వీకరింపలేదు; భారతీయుడుగనే యుండిపోయెను. కొలది యేండ్లలో వత్తునన్న మాట మాత్రము నిలుపుకొనజాలకపోయెను. ఇరువదియారేండ్లు ఎదురుచూచిన శేషగిరి ఆయనను మరల చూడలేదు. ఇది ఆయన జీవితమున పూడ్చరాని కొరత. ఆయన సాధించిన మందులలో దేనిని చూపియు దీనిని కప్పిపుచ్చరాదు. ఆయన తన పేరును పత్రికల కెక్కించుకొన్నవాడు కాడు. అందుచేత చాలకాలము స్వదేశముననే ఆయనను ఎరిగినవారు కొద్దిమంది. 1953లో కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు సుబ్బరోమైసిస్ అని ఆయన పేరు పెట్టిరి. 1995లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన బొమ్మతో బిళ్లను వెలువరించెను.

కీళ్లు వాచిన బిడ్డ వైపు మెథోట్రెక్సేట్ వచ్చిన దారి ఇంకను వింతయైనది. సుబ్బారావు మరణించిన మరుమాసమున, 1948 సెప్టెంబరులో, అమెరికాలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కీళ్లవాతము గల స్త్రీకి కార్టిసోన్ అను మందును తొలిసారిగా సూదితో ఎక్కించెను. లేవలేనివారు లేచి నడచిరి. లోకమంతయు దాని వెంట పరుగెత్తెను. అది దీర్ఘకాలము వాడినచో పిల్లల పెరుగుదల ఆగిపోవుననియు, ఎముకలు గుల్లబారుననియు తరువాత గాని తెలియలేదు. 1951లో గబ్నరు మొదలగు అమెరికా వైద్యులు అమినోప్టెరినును కీళ్లవాతమునకు వాడి మేలు కలిగినదని ప్రకటించిరి గాని, కార్టిసోన్ కాంతిలో దానిని పట్టించుకొన్నవారు లేరు. రమారమి ముప్పదియేండ్లు ఆ తలంపు మూలబడియుండెను. 1980 తరువాత గాని వైద్యులు మెథోట్రెక్సేటును కీళ్లవాతమున జాగ్రత్తగా పరీక్షింపలేదు. 1988లో అమెరికా ప్రభుత్వము పెద్దల కీళ్లవాతమునకు దానిని అంగీకరించెను.

పెద్దలకు పనికివచ్చినది పిల్లలకు పనికివచ్చునని నిర్ధారణ లేదు. అమెరికాలోను నాటి సోవియట్ యూనియనులోను 127 మంది పిల్లలను మూడు గుంపులుగ విభజించి ఆరునెలలు పరీక్షించిరి. వీరందరును ఇతర మందులకు లొంగని వ్యాధి గలవారు. ఒక గుంపునకు మందులేని ఉత్తమాత్ర, ఒక గుంపునకు శరీర వైశాల్యమున చదరపు మీటరుకు వారమునకు 5 మిల్లీగ్రాములు, ఒక గుంపునకు 10 మిల్లీగ్రాములు ఇచ్చిరి. 1992లో ఫలితములు వెలువడెను. 10 మిల్లీగ్రాములు తీసికొన్నవారిలో నూటికి 63 మందికి మేలు కలిగెను. ఉత్తమాత్ర తీసికొన్నవారిలో నూటికి 36 మందికి మాత్రమే కుదురుకొనెను. 5 మిల్లీగ్రాములవారి స్థితియు అంతంతమాత్రమే. నాటినుండి బాలల కీళ్లవ్యాధికి ఇది ముఖ్యమైన మందులలో ఒకటియైనది.

కేన్సరుకు ఇచ్చు పెద్ద మోతాదు కణములను చంపును. కీళ్లకు ఇచ్చు చిన్న మోతాదు చేయు పని వేరు. అది కణములనుండి అడినొసిన్ అను పదార్థమును వెలికి వచ్చునట్లు చేసి వాపును చల్లార్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అడినొసిన్ అనగా 1929లో సుబ్బారావు కండరమునుండి తీసిన ఆ ట్రైఫాస్ఫేటులోని ఒక భాగమే. ఈ మందు వలన కొందరికి నోరు పూయుట, వికారము, కాలేయమునకు బాధ కలుగును. దానిని తగ్గించుటకే ఫోలిక్ ఆమ్లపు మాత్ర. నకిలీ చెవి ఒకనాడు, అసలు చెవి మరియొకనాడు. రెండును ఒకే బిడ్డకు.

నెల్లూరు తీరపు బాలికకు వ్యాధి సకాలమున తేలినచో వైద్యుడు ఆమె తల్లికి చెప్పవలసిన మాటలలో మొదటిది ఈ మాత్రల సంగతియే. రెండును పసుపుపచ్చనివి, రెండును చిన్నవి. వారమునకొకనాడు ఇయ్యవలసినదానిని పొరపాటున ప్రతిదినము ఇచ్చినచో ప్రాణాపాయము. అందుచేత దినమును నిర్ణయించి, గోడనున్న క్యాలెండరుపై గుర్తు పెట్టుకొనుట మేలు. గుణము వెంటనే కనబడదు. ఆరు వారములో, మూడు నెలలో ఓపిక పట్టవలెను. నడుమ నడుమ రక్తపరీక్షలు చేయించి కాలేయమును, రక్తకణములను కనిపెట్టుచుండవలెను. ఒకటిరెండు కీళ్లే వాచినచో కీలు లోనికే మందు ఎక్కించుటయు కలదు. మెథోట్రెక్సేటుకు లొంగనివారికి 1999 తరువాత వచ్చిన జీవసంబంధమైన కొత్త సూదిమందులున్నవి గాని, వాని వెల యెక్కువ. సుబ్బారావు మాత్ర వెల తక్కువ.

వాపు తగ్గుచుండగా బిగిసిన కీళ్లను మెల్లగా కదలింపవలెను. నీటిలో కాళ్లాడించుట, సైకిలు త్రొక్కుట, ప్రతి ఉదయము మోకాలు చాచి వంచుట అందుకు సాధనములు. బడి మాన్పింపరాదు. మూడునెలలకొకమారో, వైద్యుడు చెప్పినప్పుడో కన్నులు చూపించుటకై నెల్లూరికి బస్సెక్కవలెను. ఈ నియమములన్నియు నడచినచో ఒకనాటి ఉదయమున ఆ బిడ్డ తల్లి చేయి అందుకొనకయే మంచము దిగి, పలకసంచి భుజమున వేసికొని, ఇసుకదారిన బడికి పోవును.